ఆయా నడుం ఎవరి లెక్క?

ఇంగ్లండ్ నుంచి సెలవు మీద వైజాగ్ వస్తే అందరూ అడిగేవి రెండే, జీతం ఎంత, చలి ఎంత. గాజువాకలో ఆటో ఎక్కినా అవే ప్రశ్నలు. కేర్ హోమ్‌లో పని అంటే ముసలివాళ్ళకి అన్నం తినిపించి, టీవీ పెట్టి, పక్కన కూర్చోవడమే అనుకుంటారు చాలామంది. ఇంకొందరు ‘అయ్యో, నర్సింగ్ చదివి డైపర్లు మారుస్తున్నావా’ అని జాలి పడతారు. ఆ పనిలో మనిషిని దెబ్బతీసేది చలీ కాదు, డైపరూ కాదు, బరువు. తనంతట తాను కదలలేని డెబ్భై ఎనభై కిలోల మనిషిని మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్రూమ్‌కి, మళ్ళీ మంచం మీదికి మార్చాలి, ఒకరిని కాదు, షిఫ్ట్ అయ్యేదాకా ఒకరి తర్వాత ఒకరిని. పోర్టులో బస్తాలు మోసే పనికి ఇదేం తీసిపోదు. కాకపోతే బస్తా భయపడి మన మెడ పట్టుకోదు, గిల్లదు, తిట్టదు.

నేనుండేది ఇంగ్లండ్ ఉత్తరాన ఒక చిన్న ఊళ్ళో. జీఎన్ఎం నర్సింగ్ కోర్సు చేసి, ఇక్కడ ఆస్పత్రిలో కొన్నాళ్ళు డ్యూటీలు చేసి, కేర్ వర్కర్ వీసా మీద వెళ్ళాను. 2022 ఫిబ్రవరిలో బ్రిటన్ కేర్ వర్కర్లను కొరత ఉన్న ఉద్యోగాల జాబితాలో చేర్చింది, ఇక ఆ తర్వాత ద్వారకానగర్ కన్సల్టెన్సీల దగ్గర రద్దీ చూడాలి. అందులో ఎవరూ నడుం గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్ష గురించి చెప్పారు, బ్యాంకులో ఎంత డబ్బు చూపించాలో చెప్పారు.

అక్కడ మొదట నాకు వింతగా అనిపించింది ఏంటంటే, ట్రైనింగ్ అయ్యేదాకా ఎవర్నీ ఎత్తనివ్వలేదు. ఇక్కడ మేం స్టూడెంట్లుగా ఉన్నప్పుడే ఒకరు చంకల కింద, ఒకరు కాళ్ళ దగ్గర పట్టుకుని ‘వన్ టూ త్రీ’ అని లేపేసేవాళ్ళం. అక్కడ చంకల కింద చేతులు వేసి లాగడం చూస్తే ఉద్యోగానికే ముప్పు. మనిషిని మార్చే ముందు నాలుగు చూసుకోవాలంటారు: చేయబోయే పని ఏంటి, చేసే మనిషి శక్తి ఎంత, ఎత్తాల్సిన మనిషి పరిస్థితి ఏంటి, చుట్టూ జాగా ఎలా ఉంది. 1992 నాటి మాన్యువల్ హ్యాండ్లింగ్ రూల్స్‌లో అసలు సంగతి ఇంకోటి ఉంది. దెబ్బ తగిలే ప్రమాదం ఉన్న చోట చేతులతో ఎత్తే అవసరమే రాకుండా చూడాలి, వీలైనంత మేరకు. అది యజమాని బాధ్యత. ఎలా ఎత్తాలో నేర్పడం ఆ తర్వాత సంగతి. ఇక్కడ మనం తలకిందులుగా చేస్తాం, ‘నడుం వంచకు, మోకాళ్ళు వంచు’ అని ఒక సలహా పడేసి బరువంతా మనిషి మీదే ఉంచుతాం.

అందుకే అక్కడ హాయిస్ట్ ఉంటుంది. చిన్న క్రేన్ లాంటిదే, మనిషి కింద స్లింగ్ అనే బట్ట వేసి, కొక్కేలకు తగిలించి, బటన్ నొక్కితే లేపుతుంది. స్లింగ్ అందరికీ ఒకటే పనికిరాదు, ఎవరి సైజు వాళ్ళకి, ఎవరికి ఏ సాయం ఎలా చేయాలో రాసుకునే వాళ్ళ కేర్ ప్లాన్‌లో రాసి ఉంటుంది. మనుషుల్ని ఎత్తే మెషీన్‌ని ఆరు నెలలకోసారి ఆ పని తెలిసినవాడు వచ్చి పరీక్ష చేయాలి, 1998 నుంచి ఉన్న రూల్ అది. స్టిక్కర్ మీద తేదీ దాటిపోతే ఆ మెషీన్ ముట్టుకోం. మా దగ్గర హాయిస్ట్ పని ఎప్పుడూ ఇద్దరిది, ఒకరు బటన్ దగ్గర, ఒకరు మనిషి దగ్గర. స్నానం నీళ్ళు 44 డిగ్రీలు దాటకూడదు, థర్మామీటర్ పెట్టి చూసి రాయాలి. దెబ్బ తగిలి ఏడు రోజులకు మించి పనికి రాలేకపోతే ఆ విషయం యజమాని ప్రభుత్వానికి తెలపాలి.

ఇదంతా విని అక్కడంతా స్వర్గం అనుకోకండి. రూల్ ఉండటం వేరు, రాత్రి రెండింటికి రెండో మనిషి దొరకడం వేరు. నేను మొదట చేసిన చోట నైట్ షిఫ్ట్‌లో మనుషుల్ని ఎప్పుడూ తక్కువే వేసేవాళ్ళు. ఒకరికి ఒంట్లో బాగాలేక రాకపోతే ఇక అంతే, పై అంతస్తుకి ఒక్కరే. కారిడార్‌లో హాయిస్ట్ ఛార్జింగ్‌లో ఉంటుంది, బెల్ మోగుతూ ఉంటుంది, మంచం మీద పెద్దాయన తడిసిపోయి వణుకుతూ ఉంటాడు, రెండో మనిషి కింద ఇంకొకరి గదిలో ఉంటుంది. అప్పుడు ఏం చేస్తారు? చాలామంది ఒక్కరే ఎత్తేస్తారు. రికార్డులో మాత్రం ‘ఇద్దరు స్టాఫ్ సాయంతో’ అని పడుతుంది. ఆ అబద్ధం ఎవరికీ తెలియనిది కాదు.

నోరెత్తరా అంటే, వీసా. మన వీసా ఆ యజమాని స్పాన్సర్‌షిప్ మీద నిలబడి ఉంటుంది. ఉద్యోగం పోతే మామూలుగా అరవై రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవాలి, లేదంటే పెట్టె సర్దుకోవాలి. ఇక్కడ అప్పు చేసి వెళ్ళిన అమ్మాయి, వడ్డీ కట్టాల్సిన అమ్మాయి, ‘ఈ రోజు ఇద్దరం లేకపోతే నేను ఎత్తను’ అని మేనేజర్‌తో అంటుందా? ఆ దేశంలో పుట్టినవాళ్ళు అంటారు, అని మరుసటి వారం సూపర్ మార్కెట్‌లో చేరతారు. నా మటుకు నాకు ఆ రంగంలో అన్నిటికంటే పెద్ద సేఫ్టీ సమస్య ఇదే, తడి నేల కాదు, సూది కాదు. భయంతో ఉన్నవాళ్ళ చేతిలో ఏ మెషీన్ పెట్టినా మూలనే ఉంటుంది.

ఇక కొత్త టెక్నాలజీ. మా దగ్గర కాగితాలు పోయి ఫోన్లు వచ్చాయి, ఎవరు ఎంత నీళ్ళు తాగారు, మంచం మీద ఉన్నవాళ్ళని ఎప్పుడు పక్కకి తిప్పాం, అన్నీ అందులో నొక్కాలి. మంచం పక్కన సెన్సర్ మ్యాట్ ఉంటుంది, పడిపోయే ప్రమాదం ఉన్నవాళ్ళు కాలు కింద పెట్టగానే మాకు అలారం. మంచిదే. కానీ పక్క తిప్పాల్సిన టైమ్ ఫోన్ గుర్తు చేస్తుందే తప్ప తిప్పేది మళ్ళీ మేమే. జపాన్‌లో ఉన్న నా బ్యాచ్‌మేట్‌ని అడిగితే అక్కడా అంతే అంది. సీల్ జంతువు బొమ్మలా ఉండే రోబో పారో గురించి, బరువెత్తడానికి నడుంకి కట్టుకునే మెషీన్ల గురించి ఇక్కడ వీడియోలు తిరుగుతుంటాయి కదా. అవి ఉన్నాయి, కానీ ప్రతి హోమ్‌లో లేవు. అక్కడ నాకు నచ్చిన సంగతి వేరే, 2013లో వాళ్ళ ఆరోగ్య, కార్మిక శాఖ నడుం నొప్పి మార్గదర్శకాలు సవరించి, సంరక్షణ పనిలో మనుషుల్ని చేతులతో ఎత్తడం సూత్రప్రాయంగా వద్దు అని రాసింది. రోబో కంటే ఆ ఒక్క వాక్యానికి విలువెక్కువ.

నన్నడిగితే ఆ రంగంలో అన్నిటికంటే గొప్ప వస్తువు స్లైడ్ షీట్. నున్నటి నైలాన్ బట్ట, అంతే. రెండు పొరలు మనిషి కిందికి దూర్చి లాగితే ఎత్తకుండానే మంచం మీద పైకి జరుగుతాడు. చర్మం రాసుకోదు కాబట్టి పుండ్లు పడే ప్రమాదమూ తగ్గుతుంది. కరెంటు అక్కర్లేదు, ఛార్జింగ్ అక్కర్లేదు. పని అవగానే తీసేయాలి, మర్చిపోతే మనిషి మంచం మీంచి జారిపోతాడు.

ఈసారి సెలవులో కూర్మన్నపాలెంలో మా పిన్ని వాళ్ళింటికి వెళ్ళాను. బాబాయి స్టీల్ ప్లాంట్‌లో రిటైరయ్యాడు, పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది, పిల్లలిద్దరూ అమెరికాలో. ఉక్కునగరం నుంచి గాజువాక దాకా ఇలాంటి ఇళ్ళు బోలెడు. చూసుకోవడానికి ఏజెన్సీ పంపిన ఆయా ఉంది, విజయనగరం వైపు మనిషి, నలభై దాటి ఉంటాయి. రాత్రీ పగలూ అక్కడే. నా కళ్ళముందే బాబాయి చంకల కింద చేతులేసి ఒక్క ఊపులో కుర్చీలోకి లాగేసింది.

“నాకేటవుద్దమ్మా, అలవాటే. కోతలకెళ్ళినప్పుడు ఇంతకన్నా బరువులెత్తినాం” అంది. ఆ తర్వాత నడుం మీద చెయ్యి పెట్టుకుని గోడ పట్టుకుంది.

దెబ్బ ఆమెకే కాదు. పక్షవాతం వచ్చిన వైపు భుజం కండరాలు పట్టు లేకుండా ఉంటాయి, చంకలో పట్టి లాగితే కీలు జారే ప్రమాదం ఉంది. భుజం నొప్పి అని బాబాయి నెలల తరబడి మాత్రలు మింగుతున్నాడు. అసలు కారణం అదే అని నేను తేల్చి చెప్పలేను, కానీ లాగడం ఆపాలని మాత్రం చెప్పాను. ముందు మంచం సంగతి చూశాం. మోకాలి కంటే కిందికి ఉండే చెక్క మంచం, డైపర్ ప్యాడ్ మార్చాలంటే ఆయా సగానికి వంగాలి. పిన్నికి ఆ మంచం మీద మమకారం, పెళ్ళప్పుడు వాళ్ళ నాన్న చేయించింది. చివరికి సర్జికల్ షాపు నుంచి ఎత్తు మార్చుకునే ఆస్పత్రి మంచం అద్దెకి వచ్చింది, చెక్క మంచం పిన్ని గదిలోకి వెళ్ళింది. రెయిన్‌కోట్లు కుట్టే రకం నైలాన్ బట్ట పూర్ణా మార్కెట్లో కొని టైలర్ చేత గొట్టంలా కుట్టించి స్లైడ్ షీట్‌గా వాడటం నేర్పాను. అసలైనదానంత జారదు, కానీ పనవుతుంది. మొదటిసారి బాబాయిని పిన్నీ ఆయా కలిసి ఏ కష్టం లేకుండా తలగడ దగ్గరికి జరిపినప్పుడు ఆయా నవ్వింది, “ఇన్నాళ్ళూ సెప్పలేదేటమ్మా ఎవురూ” అని.

చెత్త సంగతి కూడా చెప్పాలి. ఇంగ్లండ్‌లో వాడిన ప్యాడ్లకు పసుపు మీద నల్ల చారలున్న సంచి, ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్ళ బట్టలకు వాషింగ్ మెషీన్‌లో కరిగే ఎర్ర సంచి. గ్లోవ్స్ మీద మాత్రం పెద్ద గొడవే. లండన్‌లో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆస్పత్రి 2018లో అవసరం లేనిచోట గ్లోవ్స్ వద్దని ప్రచారం మొదలుపెట్టి ఏడాదిలో 21 టన్నుల ప్లాస్టిక్ తగ్గించింది. రక్తం, మలమూత్రాలు ముట్టుకునేటప్పుడు వేసుకోవాలి, అన్నం పెట్టడానికీ దుప్పటి సర్దడానికీ అక్కర్లేదు, సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు. మన వైజాగ్ ఉక్కపోతలో రోజంతా గ్లోవ్స్‌లో ఉంటే వేళ్ళ సందులు ఒరుసుకుపోతాయి, ఆయా చేతులు అలాగే ఉన్నాయి. పిన్ని ఇంట్లో డైపర్లు నల్ల కవర్లో వేసి మూతి కూడా కట్టకుండా జీవీఎంసీ చెత్త బండిలోకి. ఇన్సులిన్ సూదులూ అందులోనే. వాడిన డైపర్లు చుట్టి విడిగా ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలప్పటి నుంచే ఉంది. బండి దగ్గర కవర్ విప్పి చేత్తో వేరు చేసే మనిషి ఇంకొకామె, కాపులుప్పాడ చెత్త యార్డులో ఇంకొకరు. సూదులకి గట్టి ప్లాస్టిక్ సీసా ఒకటి పెట్టించాను. ప్యాడ్ కూడా సరైన సైజు కొంటే ఊరికే కారదు, పక్క బట్టలు మార్చే పని తగ్గుతుంది, చెత్తా తగ్గుతుంది, డబ్బూ మిగులుతుంది. పిన్నికి చివరిది బాగా ఎక్కింది.

అమెరికాలో ఉన్న తమ్ముడు వీడియో కాల్‌లో “అక్కా, లిఫ్టర్ మెషీన్ కొనేద్దామా, ఎంతైనా పర్లేదు” అన్నాడు. కొనమన్నాను. దాంతోపాటు రాత్రిపూటకి రెండో ఆయాని పెట్టమన్నాను, ఈమెకి వారానికో రోజు సెలవు ఇమ్మన్నాను. మెషీన్ గురించి వెంటనే లింకులు పంపాడు. రెండో ఆయా విషయంలో “ఏజెన్సీతో మాట్లాడి చూద్దాం” అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు, మెషీన్ ఒకసారి ఖర్చు, మనిషి నెలనెలా ఖర్చు, లెక్క అలా ఉంటుంది. అక్కడ మా మేనేజర్లు వేసే లెక్క కూడా అదే. ఆదివారం సెలవు మాత్రం పిన్ని ఒప్పుకుంది, ఆ రోజు నేనున్నన్నాళ్ళూ నేను, తర్వాత ఎవరో చూడాలి.

ఇప్పుడు వెళ్దామనుకునే అమ్మాయిలకు ఒక మాట. బ్రిటన్ 2024 మార్చి 11 నుంచి కేర్ వర్కర్లు కుటుంబాన్ని తెచ్చుకోవడం ఆపేసింది, 2025 జూలై 22 నుంచి విదేశాల నుంచి కొత్తగా తీసుకోవడమే ఆపేసింది. ఇంకా ఆ పేరుతో డబ్బులు అడిగేవాళ్ళుంటే దూరంగా ఉండండి. జర్మనీయో జపానో, ఏ దేశమైనా ఇంటర్వ్యూలో జీతంతోపాటు ఇవి అడగండి: రాత్రి షిఫ్ట్‌లో ఎంతమందికి ఎందరు స్టాఫ్, ఎత్తే మెషీన్లు ఎన్ని, ట్రైనింగ్ ఎవరి ఖర్చు, మానేస్తే ఆ డబ్బు తిరిగి కట్టమంటారా. కాంట్రాక్ట్‌లో ఆ చివరి సంగతి చిన్న అక్షరాల్లో ఉంటుంది, అక్కడ సంతకం పెట్టేముందు ఎవరిచేతైనా చదివించుకోండి. చేరాక నడుం పట్టేస్తే అదే రోజు, పనిలో తగిలిన దెబ్బలు రాసే యాక్సిడెంట్ బుక్‌లో రాయించండి, ఆ పేజీ ఫోటో మీ ఫోన్‌లో ఉంచుకోండి. ‘చిన్నదే కదా, రేపు రాద్దాం’ అంటారు. రేపు అడిగితే నొప్పి ఇంటి దగ్గర వచ్చిందంటారు.