ఊడకు దారి చూపే వెదురు బొంగు

హౌరా పక్కన శిబ్‌పూర్‌లో ఉన్న ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ వృక్షోద్యానానికి బయలుదేరినప్పుడు నా దగ్గర పెద్ద జాబితానే ఉంది. తాటిజాతి చెట్లు, పెద్ద పళ్లేలంత ఆకులు పరిచే అమెజాన్ కలువలు, ఏ రెండు ఆకులూ ఒక్కలా ఉండవని పేరుపడ్డ పిచ్చిచెట్టు, 1787లో ఈ తోటను నెలకొల్పిన రాబర్ట్ కిడ్ స్మారకం, అన్నీ ఒక్క రోజులో చూసేయాలనుకున్నాను. అందులో సగం కూడా చూడలేదు. ఉదయం పెద్ద మర్రి దగ్గర ఆగినవాణ్ణి మధ్యాహ్నం ఎండ తగ్గేదాకా అక్కడే ఉండిపోయాను.

ప్రయాణం గురించి చెప్పవలసింది తక్కువే. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ సామర్లకోట దాటేటప్పుడు మేలుకొని ఉండాలనుకున్నాను గానీ నిద్ర ముంచుకొచ్చింది. వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉండి మొక్కలు పెంచి, వాటి తెలుగు పేర్లు అడిగి రాసుకుని, 1793లో ఈ కలకత్తా తోట బాధ్యత చేపట్టాడు. సోమిద చెట్టు శాస్త్రీయనామమైన సొయ్‌మిడాలో ఇప్పటికీ మన మాటే నిలిచి ఉంది. హౌరా స్టేషను బయట ట్యాక్సీ డ్రైవరు చెప్పిన ధర వినగానే ప్రాణం ఉసూరుమంది. బేరం కుదరక బస్సెక్కి, నిలబడే తోట చేరాను.

పెద్ద మర్రిని దూరం నుంచి చూస్తే చిన్న అడవి అనిపిస్తుంది. దగ్గరికి వెళ్లాక కళ్లు అలవాటుగా మొదటి మానును వెతుకుతాయి. అది లేదు. 1864లోనూ 1867లోనూ వచ్చిన తుపానులకు పెద్ద కొమ్మలు విరిగి, ఆ గాయాల గుండా శిలీంధ్రం లోపలికి చేరి, చేవ కుళ్లిపోవడంతో చుట్టుకొలత యాభై అడుగులకు పైబడిన ఆ మానును 1925లో తొలగించారు. తల్లిమాను పోయి ఇంతకాలమైనా చెట్టు చావలేదు. అది ఇప్పుడు నాలుగున్నర ఎకరాలకు పైగా పరుచుకుని, మూడు వేలకు మించిన ఊడల మీద నిలబడి ఉంది. దాని చుట్టూ వేసిన 330 మీటర్ల బాటను కూడా దాటి బయటికి సాగింది. ఈ సంగతులు ముందే చదివినవే. అయినా నడుమ మాను లేని ఆ ఖాళీని తలచుకుంటే ఒళ్లు జలదరించింది.

కంచె అవతల ఒక పెద్దాయన వెదురు బొంగును నిలువుగా రెండు బద్దలుగా చీల్చి, లోపలి కణుపుల అడ్డుగోడలను ఉలితో తీసేస్తున్నాడు. పైనుంచి మనిషి ఎత్తులో వేలాడుతున్న లేత ఊడ కోసమే ఆ పని. రెండు బద్దలనూ ఊడకు అటూ ఇటూ పెట్టి, మెత్తని మట్టి, చివికిన ఆకు ఎరువు కలిపి కూరి, జనపనార తాడుతో అక్కడక్కడ కట్టాడు. బొంగు కింది కొస నేలలో తవ్విన చిన్న గుంటలో నిలిచింది. “దాదా, ఇంత వదులుగా కట్టారేం?” అని నాకు వచ్చిన హిందీలో అడిగాను. ఊడ లావెక్కుతుందనీ, తాడు బిగిస్తే అదే ఉరితాడవుతుందనీ ఆయన చేతులతో చూపించి చెప్పాడు. ఊడ కొన తడిగా, చీకటిగా ఉన్నంతసేపే సాగుతుందట. ఎండకు కొన మాడినా, ఎవరైనా తుంచినా, అక్కడితో ఆగిపోతుందట, లేదా పక్కనుంచి వేరే కొనలు వేస్తుందట. అందుకే బొంగులోకి రోజూ నీళ్లు పోయాలి, మట్టి దిగిపోతే మళ్లీ నింపాలి. నేల అందుకున్న తర్వాత వెదురు దానంతటదే చివికి రాలిపోతుంది.

ఊడ ఎక్కడ దిగాలో ఎలా నిర్ణయిస్తారని అడిగితే ఆయన తలెత్తి కొమ్మను చూపించాడు. కొమ్మ ఎంత దూరం అడ్డంగా సాగింది, కొస బరువు ఎటు లాగుతోంది, పాత ఆధారం ఎంత దూరంలో ఉంది, ఇవన్నీ చూసుకుని ఊడను ఎంచుకుంటారట. 2020 మే నెలలో ఉంపన్ తుపాను ఈ తోటను అతలాకుతలం చేసినప్పుడు పెద్ద మర్రి కూడా ఊడలు పోగొట్టుకుంది. గాలి ఊపును తట్టుకోవలసింది ఈ సన్నని కాళ్లే కదా!

విరిగిన కొమ్మను కోసిన చోట నీలిరంగు పూత కనబడింది. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్టు అయి ఉంటుంది. మామిడి తోటల్లో మేమూ కిలోకు కిలో, పది లీటర్ల నీళ్ల లెక్కన కలుపుతాం. కోత మాత్రం నాకు పాఠం చెప్పింది. కొమ్మ మొదట్లో ఉబ్బుగా ఉండే కంకణాన్ని తాకకుండా, దాని అంచుకు బయట కోశారు. మా వైపు నున్నగా ఉంటుందని మానుకు ఆనించి కోస్తారు. ఆ గాయం పూడదు, కుళ్లు లోపలికి పోతుంది. ముందు కొమ్మ కింది నుంచి గాటు పెట్టి, తర్వాత పైనుంచి కోస్తే బెరడు చీరుకుపోదన్న సంగతి కూడా చాలామంది కూలీలకు ఎవరూ చెప్పరు.

ఇంతలో కంచె పక్క నుంచి ఒక కుర్రాడు చేయి చాచి ఊడ కొనను లాగి, తెంచి, వేలికి చుట్టుకుని వెళ్లిపోయాడు. వెంట ఉన్న పెద్దలు నవ్వారు. నాకు పట్టరాని కోపం వచ్చింది. అది నేల చేరడానికి జానెడు దూరమే ఉంది. పెద్దాయన మాత్రం ఏమీ అనకుండా వచ్చి, తెగిన చోటు చూసి, నలిగిన భాగాన్ని చాకుతో తీసేశాడు.

అప్పుడు మహబూబ్‌నగర్ పిల్లలమర్రి గురించి చెప్పాను. 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగి పడిందనీ, చెదలు మానును తొలిచేశాయనీ, సందర్శకులను ఆపి, 2018లో క్లోరోపైరిఫాస్ అనే పురుగుమందు కలిపిన సెలైన్ సీసాలను కొమ్మలకు వేలాడదీసి చుక్కచుక్కగా ఎక్కించారనీ చెప్పాను. ఆయన చేతిపని ఆపి విన్నాడు. మందు సంగతి ఒక్క మాటైనా అడగలేదు. “ఊడలు కొత్తగా దిగుతున్నాయా?” అని మాత్రం అడిగాడు.

నేను సమాధానం చెప్పలేకపోయాను. చిన్నప్పుడు ఆ ఊడలు పట్టుకుని ఊగినవాణ్ణి. సెలైన్ సీసాల ఫోటోలను పత్రికల్లో చూసి బాధపడ్డవాణ్ణి. ఆ తర్వాత ఒక్కసారైనా వెళ్లి చూడలేదు. ఆయన పక్కనున్న డబ్బాను కంచె మీదుగా నాకందించి, కొళాయి ఎటుందో చూపించాడు. రెండు డబ్బాలు తెచ్చి ఇచ్చాను. మొదటిదాన్ని బొంగు పైకొస నుంచి సన్నని ధారగా పోశాడు. కింది గుంటలో మట్టి నల్లబడేదాకా పోస్తూనే ఉన్నాడు.