బకెట్ నీళ్ల లెక్క

మన స్కూల్లో సైన్స్ ల్యాబ్ అంటే తాళం వేసి ఉండే గది. తాళం తీశారంటే ఇన్‌స్పెక్షన్ ఉందన్నమాట. అందుకేనేమో మన ఫిజికల్ సైన్స్ మాస్టారు ల్యాబ్‌ని నమ్ముకోలేదు. తన సైకిలు, స్కూలు బావి, మనం తెచ్చుకునే క్యారేజీలు, వీటితోనే పాఠం నడిపించేసేవారు. మన పూర్వ విద్యార్థుల సంచికకి వ్యాసాలు పంపమని గ్రూపులో మెసేజ్ పెట్టగానే ఆటల పోటీల గురించి, తిన్న దెబ్బల గురించి బోలెడన్ని వస్తాయని తెలుసు. నేను మాత్రం ఆయన లెక్కల గురించి రాస్తాను. పిడుగురాళ్లలో సోలార్ ప్యానెళ్లు, ఇన్వర్టర్లు బిగించే నా షాపు ఇప్పటికీ వాటి మీదే నడుస్తోంది.

సైకిలు పాఠం మన బ్యాచ్‌లో అందరికీ గుర్తుండే ఉంటుంది. సైకిల్ని వరండాలో తలకిందులుగా నిలబెట్టి, వెనక చక్రాన్ని జోరుగా తిప్పి వదిలేశారు. చాలాసేపు తిరిగింది. డైనమోని టైరుకి ఆనించి మళ్లీ తిప్పారు. బల్బు వెలిగింది, చక్రం తొందరగా ఆగిపోయింది. "ఎందుకురా?" అంటే "రాపిడి సార్" అని అందరం ఒకేసారి అరిచాం. ఆయన ఏమీ అనకుండా బల్బు వైరు ఊడదీసి, డైనమోని అలాగే ఆనించి ఉంచి తిప్పారు. రాపిడి ఎక్కడికీ పోలేదు, అయినా చక్రం ఇందాకటికంటే ఎక్కువసేపు తిరిగింది.

"మరి ఆ వెలుతురు ఎవరి జేబులోంచి పోయింది?"

"చక్రం జేబులోంచి సార్."

"చక్రానికెవరిచ్చారు?"

"మీ చెయ్యి."

"నా చేతికి?"

"ఇడ్లీ సార్" అన్నాడు వెనక బెంచీలోంచి ఒకడు. క్లాసంతా గొల్లుమంది. మాస్టారు కూడా నవ్వేసి, "వాడికి మార్కులెయ్యాలి" అన్నారు.

స్థితిజశక్తి, గతిజశక్తి నిర్వచనాలు పరీక్ష కోసం బట్టీ పట్టాం, పరీక్ష అయ్యాక వదిలేశాం. ఆయనకీ వాటిమీద పెద్ద పట్టింపు లేదు. శక్తి ఎక్కణ్ణించి వచ్చింది, ఎటు పోయింది అన్నది చెప్పగానే, మరి ఎంత అని అడిగేవారు. ఆ మూడో ప్రశ్న దగ్గరే అందరం నీళ్లు నమిలేవాళ్లం.

నీళ్ల లెక్క అలా మొదలైంది. పదిహేను లీటర్ల బకెట్‌ని బావి దగ్గర్నుంచి మేడ మీదికి, అంటే మూడు మీటర్ల ఎత్తుకి మోసుకెళ్లమని మనలో బలంగా ఉన్నవాణ్ణి పంపేవారు. వాడు రొప్పుతూ దిగొచ్చేలోగా బోర్డు మీద లెక్క తేలిపోయేది: ఆ నీళ్లని పైకెత్తడానికి పట్టింది సుమారు 450 జౌళ్లు (శక్తిని కొలిచే కొలత). అవే నీళ్లని ఒక్క డిగ్రీ వేడి చెయ్యాలంటే? దాదాపు 63,000. అంటే మేడ మీదికి నూట నలభై సార్లు మోసినంత! మోసినవాడి మొహం చూడాలి అప్పుడు. ఒంట్లోంచి చెమట కారేంత పని, నీళ్లలో చెయ్యి పెడితే కనీసం తేడా తెలియనంత వేడికి కూడా సాటిరాదు. పుస్తకంలో ఈ సంగతి ఇంత సూటిగా ఎక్కడా లేదు. కదిలించే పనికీ, కాచే పనికీ మధ్య ఇంత దూరం ఉందని నాకు తెలిసింది ఆ రోజే.

ఎత్తిపోతల పిక్నిక్‌లో కూడా ఆయన మనల్ని వదల్లేదు. జలపాతం సుమారు డెబ్బై అడుగులు. అంత ఎత్తునుంచి పడి కింద గుండంలో సుళ్లు తిరుగుతున్న నీళ్ల జోరంతా చివరికి వేడైపోతే, నీళ్లు ఎన్ని డిగ్రీలు వేడెక్కాలి? డిగ్రీలో ఇరవయ్యో వంతు, అంతే. మాంచెస్టర్ దగ్గర బీరు తయారుచేసే కంపెనీ యజమాని కొడుకు, ఆ జౌళ్లకి పేరిచ్చిన జేమ్స్ జౌల్ 1845లోనే నయాగరాకి ఇదే లెక్క కట్టాడని అక్కడే చెప్పారు. 160 అడుగులు పడితే ఫారన్‌హీట్‌లో ఐదో వంతు డిగ్రీ పెరగాలన్నాడట. పులిహోర పొట్లాలు విప్పబోతున్న మాకు అప్పుడు జౌల్ మీద కోపం వచ్చిన మాట నిజం.

మర్నాడు సాగర్ డ్యామ్. పవర్‌హౌస్ చూసొచ్చాక ఆయన ఇచ్చిన హోంవర్కు నేను ఇప్పటికీ కస్టమర్లకి చెబుతుంటాను. లెక్క సులువుగా ఉండటానికి నీళ్లు వంద మీటర్లు పడుతున్నాయనుకోండి. ఒక యూనిట్ కరెంటు రావాలంటే నష్టాలన్నీ కలుపుకుని దాదాపు నాలుగు వేల లీటర్లు కిందికి వదలాలి. మీ బాత్రూంలో రెండు కిలోవాట్ల గీజర్ అరగంట వేశారంటే ఆ నాలుగు వేల లీటర్లూ అయిపోయినట్టే. ఒక బకెట్ చన్నీళ్లని స్నానానికి తగ్గట్టు ఇరవై డిగ్రీలు వేడెక్కించడానికి, ఏ నష్టమూ లేకపోయినా, డ్యామ్ మీంచి ఎనభై అయిదు బకెట్లు పడాలి.

అదే సాగర్‌లోని ఎనిమిది యంత్రాల్లో ఏడు వెనక్కి కూడా తిరగగలవు. కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్లని మళ్లీ పైకి తోడతాయి. శ్రీశైలం ఎడమ గట్టున భూమి లోపల ఉన్న ఆరు 150 మెగావాట్ల యంత్రాలదీ అదే పని. తోడటానికి పెట్టిన ప్రతి నాలుగు యూనిట్లకీ సుమారు మూడు తిరిగొస్తాయి. ఒకటి పోయిందని బాధపడనక్కర్లేదు. మధ్యాహ్నం వాడేవాళ్లు లేక మిగిలిన సోలార్ కరెంటు, అందరూ లైట్లూ ఏసీలూ వేసే వేళకి అందుతోందంటే ఆ బేరం గిట్టుబాటే.

ఇది విన్నవాళ్లకి వెంటనే ఒక ఆలోచన వస్తుంది. ఫోన్లో వీడియో చూపించి మరీ అడుగుతారు: "మా మేడ మీద వెయ్యి లీటర్ల ట్యాంకుంది కదండీ, కింద చిన్న టర్బైన్ పెడితే ఇన్వర్టర్ అక్కర్లేదుగా?" కాగితం తీసి లెక్క వేస్తాను. పది మీటర్ల ఎత్తున ట్యాంకు నిండుగా ఉంటే అందులో ఉన్నది 98,000 జౌళ్లు. ఒక చుక్క కూడా వృథా పోకపోతే తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు మూడు గంటలు వెలుగుతుంది. మీ చేతిలో ఉన్న ఆ 5,000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలో దాదాపు 70,000 ఉంటాయండీ, అంటే ట్యాంకులో ముప్పాతిక వంతు మీ జేబులోనే ఉంది అంటాను. చాలామంది నమ్మరు. సాగర్‌లో పనిచేసేది ఎత్తు ఒక్కటే కాదు, ఆ మహా సముద్రమంత నీరు కూడా అని చెప్పాక కాస్త మెత్తబడతారు.

ఈ మధ్య ఒకాయన కరెంటు పోయినా గీజర్ ఆడేలా ఇన్వర్టర్ కావాలని వచ్చాడు. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీలో కాగితం మీద ఉండేది 1.8 యూనిట్లు. మామూలు ఇంటి ఇన్వర్టర్ గీజర్‌ని అసలు లాగనే లాగదు. లాగగలిగే పెద్దది పెట్టినా ఆ ఒక్క బ్యాటరీ గంట కూడా రాదు. దానికి బదులు నూరు లీటర్ల సోలార్ వాటర్ హీటర్ పెట్టుకోమన్నాను. నీళ్లు పాతిక నుంచి యాభై అయిదు డిగ్రీలకి ఎక్కితే ఆ ట్యాంకులో దాచినట్టయ్యేది మూడున్నర యూనిట్లు, దాదాపు రెండు బ్యాటరీలంత.

"అయితే రాత్రి దాంతోనే ఫ్యాన్ కూడా తిప్పేసుకోవచ్చుగా?" అన్నాడు.

మాస్టారుంటే ఆయన్ని ఎత్తిపోతల తీసుకెళ్లేవారు. సుళ్లు తిరిగే నీళ్లు వాటంతటవే వేడవుతాయి గానీ, ఆ కాస్త వేడీ తనంతట తాను నీళ్లని మళ్లీ పైకెక్కించదు. ఆ మాత్రం వేడున్న నీళ్లలోంచి ఫ్యాన్‌కి పనికొచ్చే కరెంటు రాబట్టాలంటే యంత్రం కావాలి, అదీ కొద్దిగానే ఇస్తుంది. మాస్టారు లేరు కాబట్టి కౌంటర్ మీదే ఇదంతా చెప్పి, హీటర్‌కి ఒక ఎస్టిమేటు, ఫ్యాన్లకీ లైట్లకీ చిన్న ఇన్వర్టర్‌కి ఇంకో ఎస్టిమేటు రాసిచ్చాను. ఇంట్లో అడిగి చెబుతానని రెండూ మడిచి పట్టుకెళ్లాడు.