మంచు కరిగింది, లాన్ నిండా గీతలు

శనివారం

లాన్ చూసి మా ఆయన మొహం మాడ్చుకున్నాడు. ఈ ఏడు మంచు ఏప్రిల్ మొదటి వారం దాకా కదల్లేదు, అమెరికాలో ఉత్తరాన ఉన్న మా మినియాపొలిస్ చుట్టుపక్కల ఉండేవాళ్ళకి అదేం కొత్త కాదు గానీ, కరిగాక కింద నుంచి బయటపడిన గడ్డిని చూస్తే మాత్రం ఎవరో తీరిగ్గా కూర్చుని చూపుడు వేలితో గీసుకుంటూ పోయినట్టుంది. ఫెన్సు మూల నుంచి డెక్ (ఇంటి వెనక చెక్క అరుగు) కిందకి, అక్కణ్ణించి పక్షులకి గింజలు వేసే స్తంభం దాకా, మధ్యలో ఊరికే రెండు మెలికలు తిరిగి మళ్ళీ ఫెన్సుకి. రెండు వేళ్ళ వెడల్పు దారులు. వాటిల్లో గడ్డి మొదలంటా కొరికేసి ఉంది, కొరికిన ఎండు పరకలు పక్కన చిన్న చిన్న కుప్పలు. వంగి చూస్తే దారిలోనే పచ్చటి రంగులో బియ్యపు గింజంత పెంటికలు కూడా కనిపించాయి. అంటే వోల్స్, ఎలుకల్లాంటివే, పొట్టి తోకవి. చలికాలమంతా మా నెత్తిన మంచు, వాటి నెత్తిన మంచు, మేం హీటర్ బిల్లు కట్టాం, అవి కట్టలేదు, అంతే తేడా.

నేల కింద సొరంగాలు తవ్వే మోల్ అయితే గడ్డి ఇలా కొరకదు. దానికి వానపాములూ, మట్టిలో పురుగులూ కావాలి, అది నేలని కింద నుంచి ఎత్తుకుంటూ పోతుంది, కాలు పెడితే మెత్తగా దిగిపోతుంది. వోల్ అలా కాదు, దాదాపు శాకాహారి, గడ్డి, దుంపలు, వేర్లు, బెరడు. నిద్రాణస్థితి లాంటిదేం లేదు, చలికాలం పొడుగునా రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటుంది. బయట గాలి మైనస్‌లలో కొడుతున్నా దట్టమైన మంచు అడుగున, నేలకి ఆనుకున్న చోట ఉష్ణోగ్రత 32 ఫారెన్‌హీట్, అంటే సున్నా సెల్సియస్ దరిదాపుల్లోనే ఉంటుంది. డేగకి కనపడవు, పిల్లికి అందవు. నక్కా, గుడ్లగూబా మాత్రం మంచు మీద నుంచే చప్పుడు విని దూకి పట్టేస్తాయి. కానీ మా ఫెన్సు లోపలికి నక్క ఎందుకొస్తుంది.

మా ఆయనకి లాన్ అంటే ప్రాణం. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళు ఏమంటారో, ఎదురింటివాళ్ళు ఏమనుకుంటారో అని పొద్దున్నే టెన్షన్. నాకైతే ఈ గీతల మీద కోపం రాలేదు. పైన గడ్డి పోయింది గానీ చాలాచోట్ల వేరు బాగానే ఉంది. రేక్‌తో ఎండు చెత్త గీకేసి, మరీ బోసిగా ఉన్నచోట కాస్త విత్తనం చల్లి నీళ్ళు పెడితే జూన్‌కల్లా ఎక్కడ గీతలు ఉండేవో వెతుక్కోవాలి. ఒకటే మెలిక ఉంది. ఈయన గరాజ్‌లో తెచ్చి పెట్టుకున్న బస్తా, క్రాబ్‌గ్రాస్ అనే కలుపు గడ్డి మొలవకుండా ముందే చల్లే మందు. అది కలుపు విత్తనం, మంచి విత్తనం అని తేడా చూడదు, ఏది మొలకెత్తబోయినా ఆపుతుంది. విత్తనం చల్లినచోట అది వేస్తే విత్తనం డబ్బులు మట్టిలోనే. "గీతలున్న చోట్ల వదిలేసి మిగతా చోట చల్లుకో" అన్నాను. గీతలు లేని చోటు ఎక్కడుందో చూపించమన్నాడు. నిజమే.

నేను మాత్రం గడ్డి వదిలేసి చెట్ల దగ్గరికెళ్ళాను. వోల్ చేసే అసలు నష్టం నిలబడి చూస్తే కనపడదు, మోకాళ్ళ మీద కూర్చుని చెట్టు మొదలు దగ్గర పరిచిన మల్చ్, అంటే చెక్క పొట్టు, చేత్తో పక్కకి లాగి చూడాలి.

ముందు ఆపిల్ చూశాను. హనీక్రిస్ప్, ఇక్కడి యూనివర్సిటీ ఆఫ్ మిన్నెసోటా వాళ్ళు 1991లో విడుదల చేసిన రకం, ఈ ఊళ్ళో ఉండి అది వేసుకోకపోతే ఎలా అని వేసుకున్నదే. కుందేళ్ళ భయానికి దానికి తెల్లటి ప్లాస్టిక్ చుట్ట ఉంది, కానీ చుట్ట అడుగుకీ మట్టికీ మధ్య రెండంగుళాల ఖాళీ, ఆ ఖాళీలో బెరడు కొరికేసి ఉంది. వేళ్ళతో కొలుచుకుంటే చుట్టుకొలతలో మూడో వంతు పోయినట్టుంది. మిగతా బెరడు గట్టిగా, పచ్చిగానే ఉంది, గోటితో చిన్నగా గీరి చూస్తే లోపల ఆకుపచ్చ. ఇది బతుకుతుంది. దానికి రంగూ, తారూ ఏమీ పూయక్కర్లేదు, అంచులు శుభ్రం చేసి వదిలేస్తే అదే పూడుకుంటుంది.

ప్లమ్ సంగతి వేరు. పోయిన అక్టోబరు చివర నాటించాం. నాటినవాళ్ళు చలికి కాపాడుతుందని కాండాన్ని ఆనించి ఒక గుట్ట మల్చ్ పోసి వెళ్ళారు. మెత్తటి ఇల్లు, పక్కనే భోజనం, ఇంకేం కావాలి వాటికి. మల్చ్ లాగగానే తెల్లగా చెక్క కనిపించింది. చుట్టూ వేలు తిప్పాను. ఎక్కడా బెరడు తగల్లేదు. బొటనవేలి లావు కాండం మీద సన్నటి పంటి గాట్లు, ఒకటి అడ్డంగా, ఒకటి ఐమూలగా, ఒకదాని మీద ఒకటి, ఒక్కొక్కటీ అంగుళంలో ఎనిమిదో వంతు కూడా ఉంటుందో ఉండదో. కుందేలైతే గాటు వెడల్పుగా ఉంటుంది, పైగా మంచు మీద నిలబడి పైన కొరుకుతుంది, లేత కొమ్మల్ని కత్తితో ఏటవాలుగా కోసినట్టు తుంచుతుంది. ఇది పూర్తిగా కింద, మట్టిలోకి కూడా వెళ్ళింది.

ఇందులో నాకు మంట పుట్టించేది ఏంటంటే ఆ చెట్టు ఈ వసంతంలో మామూలుగానే చిగురిస్తుంది. నీళ్ళు పైకి వెళ్ళేది లోపలి చెక్కలోంచి కాబట్టి అవి వెళ్తూనే ఉంటాయి, మొగ్గలు విచ్చుకుంటాయి. ఆకులు వండిన తిండి కిందకి దిగేది బెరడులోంచి, ఆ దారే లేదు కాబట్టి వేర్లు మెల్లగా పస్తులుండి చస్తాయి. మా ఆయన మేలో చిగుళ్ళు చూసి "అనవసరంగా కంగారు పడ్డావు" అంటాడు, నాకు ఇప్పుడే వినిపిస్తోంది. వంతెన అంటు కట్టొచ్చు, అంటే బెరడు పోయిన చోటుకి కిందా పైనా సన్నటి కొమ్మలు దూర్చి కలపడం, పెద్ద చెట్టయితే తప్పకుండా చేయించేదాన్ని. ఇంత సన్న కాండానికి అంత శ్రమ దండగ. ఇక మొదట్లోంచి కొత్త పిలకలు వచ్చినా అవి అంటు కింద వేరు మొక్కవి, మనం కొన్న రకం కాదు. కాబట్టి పీకేసి కొత్తది పెట్టడమే.

మధ్యాహ్నం నాయినకి వీడియో కాల్ చేసి చూపించాను. నాగర్‌కర్నూల్ దగ్గర మా ఊళ్ళో పల్లి చేన్లలో ఎలుకల బాధ ఎంత చూశాడో ఆయన. దారులు చూసి "గింత చిన్న ఎలుకలకా బిడ్డా, గంత ఫికరు" అని నవ్వాడు, ప్లమ్ మొదలు చూపించాక మాత్రం నవ్వాపేసి "అయ్యో, చెట్టు పాయె గద" అన్నాడు. పక్కింటి పెద్దాయన ఆముదం కలిపిన గుళికలు చల్లమన్నాడని చెప్తే నాయినకి ఎక్కడలేని ఉత్సాహం. మా చెలకల్లో ఏటా వేసేది ఆముదాలే, ఆ నూనె అమెరికాలో ఎలుకల్ని తరమడానికి సంచుల్లో అమ్ముతారంటే ఆయన నమ్మడు. ధర ఎంతన్నాడు. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. కానీ ఆ గుళికలు ఎక్కువగా మోల్స్ కోసం, వోల్స్ దగ్గర గట్టిగా పనిచేస్తాయన్న నమ్మకం నాకు లేదు, పైగా నాలుగు వానలు పడితే మళ్ళీ చల్లాలి. భూమిలో గుచ్చితే కీచుమనే మేకులు కూడా అమ్ముతారు, వాటి మీద ఒక్క డాలరు కూడా పెట్టను.

"మందు పెట్టరాదు మరి" అన్నాడు నాయిన. అక్కడ నూకల్లో నూనె, జింక్ ఫాస్ఫైడ్ కలిపి బొరియల్లో పెట్టడం మామూలే. ఇక్కడ నాకు ఇష్టం లేదు, పిల్ల గడ్డిలో దొర్లుతుంది, వీధిలో సగం ఇళ్ళలో కుక్కలు. రక్తం గడ్డకట్టకుండా చేసే విషాలైతే ఇంకా దారుణం, అది తిన్న ఎలుకని గుడ్లగూబ తింటే దాని ఒంట్లోకీ ఎక్కుతుంది. ఉచితంగా వేటాడి పెట్టేదాన్నే చంపుకున్నట్టు. అందుకని మామూలు ఎలుకల ట్రాపులే. దారికి అడ్డంగా, ఎర పెట్టే వైపు సరిగ్గా దారిలో ఉండేలా పెట్టి, పైన బోర్లించిన ప్లాస్టిక్ డబ్బా, దానికి కింద రెండు వైపులా చిన్న ద్వారాలు కోసి. డబ్బా లేకపోతే పిచ్చుకలు పడతాయి. ఎరకి పీనట్ బటర్లో కాస్త ఓట్స్. ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి నిన్న రాత్రే దారుల్లో అక్కడక్కడా ఆపిల్ ముక్కలు పెట్టి ఇంటి కప్పు మీద వేసే పాత షింగిల్ ముక్కలు కప్పాను. డెక్ వైపువి అలాగే ఎండి ఉన్నాయి, ఫెన్సు మూలవి కొరికి ఉన్నాయి. ఇంకేం, ట్రాపులన్నీ ఫెన్సు మూలకే.

సాయంత్రానికి ఒకటి పడింది. పిల్ల చూడకుండా తీద్దామనుకున్నాను, అది నాకంటే ముందే డబ్బా ఎత్తేసింది. గోధుమ రంగు మీద నలుపు కలిసిన బొచ్చు, పొట్ట బూడిద రంగు, మూతి మొద్దుగా, చెవులు బొచ్చులో దాదాపు మునిగిపోయి, తోక ఇంత పొట్టిది. నిజం చెప్పాలంటే ముద్దుగానే ఉంది. "దీనికి పిల్లలున్నాయా అమ్మా?" అంది. ఉండే ఉంటాయి. మూడు వారాల గర్భం, ఒక్కో కాన్పుకి నాలుగో అయిదో పిల్లలు, ఆడపిల్ల నెల దాటితే తనూ తల్లే. అందుకే ఏ మూడు నాలుగేళ్ళకో ఒకసారి ఇలా విరగబడతాయి, ఆ తర్వాత వాటంతట అవే తగ్గిపోతాయి. ఇదంతా దానికి చెప్పలేదు. ప్రెయిరీ వోల్స్ ఆడా మగా జీవితాంతం జంటగా ఉంటాయని వాళ్ళ స్కూల్లో చెప్పారట, దాంతో ఇది వితంతువో కాదో తేల్చాలని పట్టుబట్టింది. మా పెరట్లోది మెడో వోల్, దానికి ఆ పట్టింపులేమీ లేవు అన్నాను. మా ఆయన పక్క నుంచి దగ్గాడు.

రేపు షాపుకెళ్ళి ఇనుప జాలి తేవాలి, పావు అంగుళం కళ్ళున్నది, అంతకంటే పెద్ద కన్నమైతే చిన్నవి దూరిపోతాయి. చెట్టుకి అంటుకోకుండా వెడల్పుగా చుట్టి, అడుగు మూడు నాలుగంగుళాలు మట్టిలోకి దింపి, పైన మంచు మట్టం కంటే ఎత్తు ఉండేలా. మల్చ్ మొత్తం మొదళ్ళ దగ్గర్నుంచి దూరంగా లాగేశాను. పక్షుల గింజలు ఇకనుంచి కింద రాలకుండా ఏదో ఒకటి చూడాలి, లేకపోతే స్తంభం తీసి ముందు వైపు పాతాలి. అక్టోబరులో చివరిసారి గడ్డి కోసేటప్పుడు బాగా పొట్టిగా కోయమని మా ఆయనకి ఇప్పట్నుంచే చెప్తున్నాను, అప్పటికి మర్చిపోతాడు. తులిప్ దుంపలు ఎన్ని మిగిలాయో మొలిస్తే గానీ తెలీదు. డాఫోడిల్స్ మాత్రం వరసగా ముక్కులు బయట పెట్టాయి, వాటిల్లో విషం ఉంటుంది, ఏదీ ముట్టదు. వెల్లుల్లి కూడా బాగానే ఉంది.

ప్లమ్ పీకడం వచ్చే వారం. ఇంకో పీనట్ బటర్ సీసా కూడా లిస్టులో రాశాను, ట్రాపుల్లో పెట్టిన స్పూను ముంచిన సీసా లోంచి బ్రెడ్డు మీద రాసుకోనని పిల్ల భీష్మించుకుని కూర్చుంది.