మొరం పోసే ముందు పరవవలసినది

సిరొంచ పరిసరాల్లో, ప్రాణహిత గోదావరిలో కలిసే చోటికి దగ్గరగా ఉన్న మా నల్లరేగడి పొలాల బాటలపై వానాకాలానికి ముందు ట్రాక్టర్ల కొద్దీ మొరం పోస్తారు. వానలు వెనకబట్టేసరికి అందులో చాలా భాగం కంటికి కనిపించదు. వరదకు కొట్టుకుపోయిందని అనుకుంటారు గానీ, ఎక్కువ భాగం ఆ బాట కిందనే ఉంటుంది.

నల్లరేగడి రేణువులు అతి సూక్ష్మమైనవి కనుక అందులో నిండిన నీరు త్వరగా బయటపడలేదు. చక్రం నొక్కినప్పుడు ఆ బరువు ముందుగా నీటిమీదే పడి, మట్టికి పట్టు పెరగదు. రాయి కొంత కిందికి దిగుతుంది, రాళ్ల సందుల్లోంచి బురద కొంత పైకి వస్తుంది. బురద కలిసిన కంకరలో రాయికి రాయి ఆనుకునే బలం పోతుంది. అందుకే పైపైన ఇంకా మొరం పోయడం డబ్బును నేలలో పాతిపెట్టడమేనని నా గట్టి అభిప్రాయం.

కావలసినవి రెండు: బరువు వెడల్పుగా పంచుకుపోవాలి, రాయీ బురదా కలవకూడదు. ఇంగ్లండ్‌లో 1830లో ప్రారంభమైన లివర్‌పూల్–మాంచెస్టర్ రైలు మార్గాన్ని చాట్ మాస్ అనే బురదనేల దాటించడానికి ఇంజనీరు జార్జ్ స్టీఫెన్‌సన్ కొమ్మలతో అల్లిన తడికలు, పొదలు పరిచి వాటిపైనే కట్ట నిలిపాడు. మా గడ్చిరోలి జిల్లాలో వెదురుకు కొదవ లేదు. దారికి అడ్డంగా దగ్గరదగ్గరగా పరిస్తే అదే పని చేస్తుంది. అయితే ఎప్పుడూ నీటిలో మునిగి ఉన్న కర్రకు గాలి తగలక అది చాలాకాలం నిలుస్తుంది, మా నేలలో మాత్రం ఒకసారి తడిసి ఒకసారి ఎండి, చెదలు కూడా పట్టి త్వరగా పాడవుతుంది. కాబట్టి వెదురు బాటను ఒక పంటకాలానికే నమ్ముకోవాలి.

అంతకు మించి నిలవాలంటే, నీటిని పోనిచ్చి మట్టిని ఆపే కృత్రిమ నారతో చేసిన జియోటెక్స్‌టైల్ వస్త్రం మేలు. దాన్ని పరిచే ముందు నేలపైనున్న గడ్డి వేళ్ల పొరను చెక్కేయకూడదు, ఎందుకంటే మెత్తని నేలలో ఉన్న కాస్త బలం దానిదే. నేల మరీ మెత్తనైతే అతుకుల దగ్గర వస్త్రం దాదాపు మీటరు మేర ఒకదానిపై ఒకటి రావాలి. వట్టి వస్త్రంపైకి బండి ఎక్కకూడదు; ముందే పోసిన కంకరపై లారీని నిలిపి, అక్కడ దింపిన రాయిని ముందుకు నెట్టాలి. తర్వాత చక్రాల గాడులు పడితే పక్కల కంకర గీకి పూడ్చకుండా కొత్త కంకరతోనే నింపాలి, లేకపోతే పక్కన పొర పలచబడి వస్త్రం చిరుగుతుంది.