189 కోసం వెతికితే 203 దొరికింది

మాది పర్లాకిమిడి. ఉండేది ఒడిశాలోనైనా ఇంట్లో తెలుగే. మా పెరటి గోడ వెంట అడ్డసరం గుబురుగా పెరుగుతుంది. పక్కింటి ఒడియా వాళ్లు దాన్ని బాసంగ అంటారు. పేరేదైనా దగ్గుకు రెండిళ్లలోనూ ఆ ఆకు కషాయమే. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు అందులోని వాసిసిన్ అనే రసాయనాన్ని గుర్తిస్తానని రాసిచ్చాను. నెలలో తేలిపోతుందనుకున్న పని నాలుగు నెలలు పట్టింది.

ముందు పచ్చదనమే ముప్పుతిప్పలు పెట్టింది. ఆకు పొడిని మిథనాల్‌లో నానబెట్టి ఆ రసాన్నే, పదార్థాలను వేరువేరు చుక్కలుగా విడదీసే సిలికా పలకపై చుక్క పెడితే, కింది నుంచి పైదాకా పత్రహరితం మరక! ప్రాజెక్టు చూసే మేడం అది చూసి, "ఆకు బొమ్మ బాగానే వేశావమ్మా, ఫలితం ఏదీ?" అన్నారు.

వాసిసిన్ ఆల్కలాయిడ్, అంటే మొక్కల్లో ఉండే నత్రజని పదార్థం, క్షారగుణం కలది. కాబట్టి రసాన్ని ఆవిరి చేయగా మిగిలిన జిగురును పలుచని ఆమ్లంలో కలిపాను. వాసిసిన్ లవణమై నీటిలోకి దిగింది. పచ్చదనాన్నీ మైనాన్నీ ఈథర్‌తో కడిగేసి, అమ్మోనియాతో నీటిని క్షారం చేసి, వాసిసిన్‌ను క్లోరోఫాంలోకి లాగాలి. గట్టిగా ఊపానేమో, గరాటులో పొరలు విడిపోకుండా మజ్జిగ నురగలా నిలిచిపోయాయి. కాస్త ఉప్పు వేశాక విడిపోయాయి. ఈ కిటుకు ఏ రికార్డు పుస్తకంలోనూ రాసి ఉండదు.

ఈసారి పలకపై డ్రాగెన్‌డార్ఫ్ ద్రావణం చల్లగానే రెండు నారింజ చుక్కలు. కొనితెచ్చిన శుద్ధ వాసిసిన్‌కు సమాన ఎత్తులో ఉన్నది వెలిసిపోయినట్టుంది, రెండోది ముదురుగా ఉంది. ఆ ద్రావణం ఆల్కలాయిడ్ ఉందని చెబుతుందే కానీ అది ఏ ఆల్కలాయిడో చెప్పదు. అణువుల బరువు చూపే మాస్ స్పెక్ట్రం తీయించాం. వాసిసిన్ అణుభారం 188, ఆ యంత్రంలో దానికో ప్రోటాన్ చేరితే 189 రావాలి. పెద్ద శిఖరం 203 దగ్గర నిలబడింది. తేడా 14. ఒక ఆక్సిజన్ చేరి రెండు హైడ్రోజన్లు పోతే సరిగ్గా అంతే. అంటే వాసిసినోన్. ఎండా గాలీ తగిలితే వాసిసిన్ ఇలా మారుతుంది. నేనేమో ఆకును మూడు రోజులు మేడ మీద వడియాల్లా ఎండబెట్టాను!

మళ్లీ కోసి, నీడన ఆరబెట్టి, రసాన్ని ముదురు రంగు సీసాలో దాచాను. 189 పెరిగింది, 203 తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. వాసిసినోన్ ఆకులోనూ సహజంగా ఉంటుంది. ఎంత చెట్టుదో, ఎంత నా చేతి చలవో తేల్చే గడువు లేదు. రిపోర్టు శీర్షికలో వాసిసిన్ పక్కన రెండో పేరూ చేర్చి మేడం సంతకం చేశారు.