రొయ్యల మేతకి బుక్కు పెట్టా, నా తిండికి పెట్టలా

మాకు ఇందుకూరుపేట పక్కన రెండు రొయ్యల గుంటలు ఉండాయి. పోయినేడు ఎండాకాలంలో ఏరియేటర్ (గుంట నీళ్ళలో గాలి కలిపే మిషను) దగ్గర కాలికి తగిలిన చిన్న దెబ్బ నెలైనా మానలా, రాత్రికి ఐదుసార్లు లేస్తుండా, ఒకటే దప్పిక, ఏడు కేజీలు తగ్గిపోయా, ఎండలో గుంటల మీద తిరుగుతుండాం గదా అందుకేలే అనుకుని ఊరుకున్నా. నెల్లూరు పోయి టెస్టులు చేపిస్తే పరగడుపున 248, హెచ్‌బీఏ1సీ 10.4. అది ఆరోజు తిన్నదాని లెక్క కాదంట, రెండు మూడు నెలల సగటంట, 6.5 వచ్చిందంటేనే షుగరంట.

మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ అని షుగరు మాత్రలు రాసి అన్నం తగ్గించమన్నారు. ఎంత తగ్గించాలో నేనూ అడగలా.

మా పాప నా ఫోన్‌లో తిండి రాసుకునే యాప్ వేసింది. "నాన్నా, రొయ్యలకి పూటపూటకీ ఎన్ని కేజీలు వేశావో రాస్తావు గదా, నీదీ రాయి" అనింది. ఆ మాట నాకు గట్టిగా తగిలింది. మేత తిన్నాయో లేదో చూడ్డానికి గుంటలో దించే చెక్ ట్రేలో మేత మిగిలితే తర్వాత పూటకి తగ్గించేస్తా, నా కంచంలో ఎంత పడతందో మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కరోజు చూసుకోలా.

యాప్‌లో అన్నం అని కొడితే ఎన్ని కప్పులు అని అడుగుతది, మా కంచానికి ఆ లెక్క యాడ కుదురుతది? చిన్న కాటా కొని తూస్తే మధ్యాన్నం అన్నమే 430 గ్రాములు, అంటే ఒక్కపూటకి దగ్గర దగ్గర 120 గ్రాముల పిండిపదార్థం. బంకులో టీలు రోజుకి ఐదు, ఒక్కోదాంట్లో రెండు స్పూన్ల చక్కెర, అది తిండి కిందే లెక్కేసుకోలా నేను. చేపల కూర అని వెతికితే కొబ్బరిపాలు పోసినవి ఏవేవో వచ్చినాయి, చింతపండు, మామిడికాయ వేసే మన పులుసు లేదు, మా ఆవిడ వండుతుంటే నూనె, చేప ముక్కలు తూచి నేనే ఎక్కించుకున్నా. చేపతో ఇబ్బందేం లేదండీ, ఆ పులుసు ఉంటే ఇంకో రెండు గరిటెల అన్నం పోతది, అదీ సంగతి.

మేత వేసినాక రెండు గంటలకి ట్రే ఎత్తి చూసినట్టే తిన్న రెండు గంటలకి మీటరులో చూసి యాప్‌లో ఆ పూట పక్కనే రాసేవాణ్ణి. కంచం నిండా తిన్నరోజు 268. అన్నం 180 గ్రాములు, గోరుచిక్కుడు వేపుడు ఎక్కువ, రెండు చేప ముక్కలు తిన్నరోజు 162. రాగి సంకటైతే ఎంతైనా తినొచ్చని అందరూ చెప్తారు, నేనూ నమ్మి పెద్ద ముద్ద తిన్నా, 231 వచ్చింది. రాగిదైనా పిండి పిండే, దాన్నీ తూచుకోవాల్సిందే.

ఒకటి మాత్రం తప్పకుండా చెప్పాలి. పట్టుబడి రోజు, అంటే గుంటలో రొయ్యలు పట్టి అమ్మేరోజు, పొద్దున మాత్రలు వేసుకుని లారీ, ఐసు, తూకాల హడావుడిలో పడి ఏమీ తినలా. మధ్యాన్నానికి చెమటలు, చేతులు వణుకు, మీటరులో 58. గట్టు మీద మా మేస్త్రి గబగబా మూడు స్పూన్ల చక్కెర నీళ్ళలో కలిపి తాపించాడు, పావుగంటకి మళ్ళీ చూస్తే 84, అప్పుడు అన్నం తిన్నా. అదేరోజు యాప్‌లో ఈరోజు టార్గెట్ లోపలే ఉండావని పచ్చ టిక్కు పెట్టి ఉంది. దానికి నేను వేసుకున్న మాత్ర సంగతి తెలవదు గదా. గ్లిమిపిరైడ్ మనం తినకపోయినా షుగరు దించేస్తది, అది వేసుకునేవాళ్ళు యాప్‌లో నంబరు తక్కువొచ్చిందని సంతోషపడి పూట మానొద్దు, దయచేసి.

ఆ రాసిందంతా డాక్టరుగారికి ఫోన్‌లోనే చూపించా, గ్లిమిపిరైడ్ తగ్గించి తర్వాత ఆపేశారు. మూడు నెలలకి హెచ్‌బీఏ1సీ 7.6, ఆర్నెల్లకి 6.7. కాలి పుండు మానింది.

ఇప్పుడు రోజూ రాయను, కొత్తది తిన్నప్పుడే రాస్తా. అన్నం తగ్గిస్తే బిడ్డ చిక్కిపోతాడని మొదట్లో ఏడ్చిన మా అమ్మే మొన్న పట్టుబడికి పోతుంటే క్యారేజీ చేతికిచ్చి, "అబ్బయా, 180 వేశా, చాలకపోతే కూర పెట్టుకో, చక్కెర పొట్లం పైగిన్నెలో ఉండాది" అనింది.