హక్సర్ ఫైళ్లతో మూడు వారాలు

పీహెచ్‌డీకి పి.ఎన్. హక్సర్‌ని ఎంచుకున్నానంటే మా గైడ్ మేడమ్ నవ్వారు. "మంత్రి కాదు, ఎంపీ కాదు. ఆయన మీద మూడొందల పేజీలేం రాస్తావమ్మా?" 1967 నుంచి 1973 మొదటి దాకా ఇందిరాగాంధీ దగ్గర కార్యదర్శి ఆయన. కాగితాలన్నీ ఢిల్లీ తీన్ మూర్తి లైబ్రరీలో ఉన్నాయంటే హైదరాబాద్‌లో రైలెక్కాను.

మొదటి రోజు నా అజాగ్రత్తకే పోయింది. డిపార్ట్‌మెంట్ లెటర్ మీద స్టాంపు లేదు, బయల్దేరేముందు నేనే చూసుకోలేదు. ఇంకోటి తెప్పించుకునేసరికి సాయంత్రం. ఆ తర్వాత జాబితాలో ఫైలు వెతకడం, చీటీ రాసివ్వడం, తెచ్చేదాకా కూర్చోవడం. కంటపడ్డ ఫైలల్లా అడిగి వారం పోగొట్టుకున్నాను. తేదీ పట్టుకుని వెతకాలని అప్పటికి గానీ తెలియలేదు.

అలా పట్టుకున్నది 1969 జూలై, 14 బ్యాంకుల జాతీయీకరణ. ఆర్థిక శాఖలోని డి.ఎన్. ఘోష్‌ను అర్ధరాత్రి పిలిపించి పని మొదలుపెట్టించింది హక్సరే. 19న ఆర్డినెన్స్ వచ్చేసింది. సంతకం పెట్టింది తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్న మన వి.వి. గిరి. మర్నాడే ఆయన రాష్ట్రపతి ఎన్నికల్లో పోటీకని రాజీనామా చేశారు. ఆ తొందర ఎందుకో తేదీలు పక్కపక్కన రాసుకున్నాకే నాకు వెలిగింది.

సంబరంగా మేడమ్‌కి ఫోన్ చేశాను. "ఆయన మాట చెల్లింది సరే, చెల్లనిది ఎక్కడ?" అన్నారు. అసలు థీసిస్ అక్కడ మొదలైంది.

ఇందిర కొడుకు సంజయ్ కార్ల ఫ్యాక్టరీ వ్యవహారం హక్సర్‌కి నచ్చలేదు. దాచుకోకుండా చెప్పారు, దూరమయ్యారు. ఎమర్జెన్సీ వచ్చిన నెల రోజుల్లోపే, 1975 జూలైలో, కన్నాట్ ప్లేస్‌లోని ఆయన కుటుంబం దుకాణం పండిట్ బ్రదర్స్ మీద దాడి చేసి, వయసు మళ్లిన బంధువులను అరెస్టు చేశారు. అప్పటికి ఆయన ప్రణాళికా సంఘం ఉపాధ్యక్షుడు. అయినా 1977 దాకా ఆ కుర్చీలోనే ఉన్నారు.

ఈ అధ్యాయం నాలుగుసార్లు తిరగరాశాను. వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ సరిగ్గా అదే అడిగారు, ఎందుకు రాజీనామా చెయ్యలేదని. టెన్షన్‌లో గొంతు ఆరిపోయింది. నేను చూసిన కాగితాల్లో జవాబు దొరకలేదు సార్ అన్నాను. ఆయన తలూపి తర్వాతి పేజీ తిప్పారు.